ఈ పాత మేడలో రేడియో స్టూడియో ఉండేదా? తేల్చుకోవడం ఇలా

ఎవరైనా పాత మేడ చూపించి "ఇక్కడే రేడియో స్టేషన్ ఉండేదట" అంటే నేను బోర్డు కోసం వెతకను, గుమ్మాలు లెక్కపెడతాను. ముప్పై ఏళ్లు రేడియో కంట్రోల్ రూములో, అంటే స్టూడియోలోని మాటా పాటా సరిచూసి ప్రసారానికి పంపే గదిలో, కూర్చున్నవాణ్ణి, ఆ అలవాటు పోదు. స్టూడియోకి వరసగా రెండు తలుపులు, మధ్యలో ఇద్దరు నిలబడేంత చోటు ఉంటాయి. ఒకటి మూశాకే రెండోది తీయాలి, లేకపోతే వరండాలో దగ్గు కూడా ఊరంతా వినిపిస్తుంది. తర్వాత గోడౌన్ చేసినవాళ్లు తలుపు ఊడదీస్తారు గానీ గుమ్మం జోలికి పోరు.

రెండోది అద్దం. స్టూడియోకీ కంట్రోల్ రూముకీ మధ్య గోడలో, కూర్చున్న మనిషి కళ్ల ఎత్తున, వెడల్పాటి కిటికీ. దానికి జంట అద్దాలు, చాలాచోట్ల ఒకటి కాస్త వాలుగా. ఇటుకలతో పూడ్చి సున్నం కొట్టేసినా దిగులు లేదు. టార్చిలైటు గోడకి ఆనించి పక్కవాటుగా వేయండి, పాత అంచు గీతలా తేలుతుంది.

శబ్దం ప్రతిధ్వనించకుండా గోడకి కొట్టిన చిల్లుల అట్టల్ని మాత్రం నమ్మకండి. కోడంబాక్కంలో ఒకచోట వాటిని చూసి "రేడియోదే" అని పందెం కాశాను. వెనక్కి తిరిగితే పైన, కప్పుకి దగ్గర్లో, జానెడు చదరపు కన్నం. ప్రొజెక్టరుది! అది సినిమా డబ్బింగ్ థియేటరు. టిఫిను ఖర్చు నాదే అయింది.

ఊరి బయట టవరు పక్కనున్న భవనాన్ని చూసి కూడా చాలామంది పొరబడతారు. అది ట్రాన్స్‌మిటర్, అంటే ప్రసారాన్ని గాల్లోకి పంపే యంత్రాలుండే చోటు. పాడినవాళ్లు, మాట్లాడినవాళ్లు వెళ్లింది సాధారణంగా ఊళ్లోని స్టూడియోకి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఏ సంవత్సరంలో స్టూడియో ఎక్కడుండేది? మద్రాసునే తీసుకోండి. 1924లో రేడియో క్లబ్బు. 1930లో కార్పొరేషన్ వాళ్ల ప్రసారాలు రిప్పన్ బిల్డింగ్ నుంచి. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మొదలైంది ఎగ్మూరు మార్షల్స్ రోడ్డులోని 'ఈస్ట్ నుక్' బంగళాలో. శాంథోమ్ బీచి భవనానికి మారింది 1954లో. కాబట్టి మీ తాతగారు 1940ల్లో మద్రాసు రేడియోలో పాడారంటే, బీచి భవనం ముందు ఫొటో దిగి లాభం లేదు. హైదరాబాదులోనూ అంతే. చిరాగలీ లేన్‌లో పుట్టిన దక్కన్ రేడియో 1935లో నిజాం సర్కారు చేతికొచ్చింది, ఆ తర్వాత ఖైరతాబాదు యావర్ మంజిల్‌కి చేరింది, 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది.

ఇక మైసూరు. అక్కడ 1935లో ప్రొఫెసర్ గోపాలస్వామి 'ఆకాశవాణి' అనే తన సొంత రేడియోని నడిపింది సొంత ఇల్లు 'విట్ఠల్ విహార్' నుంచే. ఇలా కాపురమున్న ఇళ్లలో జంట గుమ్మాలు దొరుకుతాయని ఆశపడొద్దు. కాగితాలే దిక్కు.

రేడియో వాళ్ల కార్యక్రమాల పత్రికలు 'ఇండియన్ లిజనర్', 'వాణి' పాత సంచికలు తిరగేయండి. కార్యక్రమం తేదీ, కేంద్రం తెలుస్తాయి. అంతకన్నా గట్టి సాక్ష్యం కళాకారుల ఇళ్లలో ఉంటుంది. "రేడియో చరిత్ర రాస్తున్నామండీ" అంటే కాఫీ ఇచ్చి పంపేస్తారు. "మామ్మగారి కాంట్రాక్టు కాగితాలు ఉన్నాయా?" అని అడగండి, ట్రంకుపెట్టె దిగుతుంది. కార్యక్రమం కోసం రేడియో వాళ్లు పంపే ఆ కాంట్రాక్టులో తేదీ, టైము, పారితోషికం ఉంటాయి. కవరు కూడా అడగండి, చిరునామా, తపాలా ముద్ర పనికొస్తాయి. మడతల దగ్గర చిరిగిపోతాయి, విప్పేటప్పుడు నిదానం. అక్కడే ఫొటో తీసుకుని కాగితం వాళ్ల చేతికే ఇచ్చేయండి.