పాంపే నవల ఎలా చదవాలి?

కొనకముందే ముగింపు తెలిసిపోయే నవల ఇది. క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలింది, దగ్గర్లోని పాంపే నగరం బూడిద కింద కప్పబడిపోయింది. ఇంతమాత్రం తెలియకుండా ఆ పుస్తకాన్ని ఎవరూ చేతిలోకి తీసుకోరు. అయినా దాదాపు రెండు వందల ఏళ్లుగా రచయితలు ఆ ఊరి మీద రాస్తూనే ఉన్నారు, జనం చదువుతూనే ఉన్నారు. ఏం జరగబోతోందో ముందే తెలిశాక ఇక టెన్షన్ ఎక్కడిది? ఎవరు, ఏ గంటకు, ఎక్కడ ఉన్నారన్న దాంట్లో ఉంది. అందుకే ఈ నవలల పక్కన ఒక మ్యాపు, ఒక గడియారం ఉండాలి. అవి లేకుండా చదివితే సగం పుస్తకం కేవలం పొగ, అరుపులు, పరుగులుగానే మిగులుతుంది.

ముందు ఏ పుస్తకం?

ఇంగ్లిష్ నవలలు చదివే అలవాటు ఉంటే రాబర్ట్ హారిస్ 2003లో రాసిన ‘పాంపే’తో మొదలుపెట్టండి. హీరో సేనాపతీ కాదు, రాజకుమారుడూ కాదు. నేపుల్స్ అఖాతం చుట్టూ ఉన్న ఊళ్లకు నీళ్లు తెచ్చే ఆక్వా అగస్టా అనే కాలువను చూసుకునే ఇంజినీర్. ఆ కాలువ నిజంగా ఉండేది. నీళ్లు ఎందుకు ఆగాయి, గంధకం వాసన ఎందుకు వస్తోంది అంటూ కథ సాగుతుంది కాబట్టి, కొండ లోపల జరుగుతున్నది మనకు పాఠంలా కాకుండా డిటెక్టివ్ కథలా అర్థమవుతుంది. మొత్తం నాలుగు రోజుల కథ.

ఎడ్వర్డ్ బుల్వర్-లిటన్ 1834లో రాసిన ‘ద లాస్ట్ డేస్ ఆఫ్ పాంపే’ పేరు ఇంతకన్నా పెద్దది. కానీ మొదటిసారి చదివేవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. భాష బరువు, ఉపన్యాసాలు ఎక్కువ. రెండో పుస్తకంగా చదివితే మాత్రం వేరే రుచి ఉంటుంది. అందులో కనిపించేది రోమన్ల కాలం కన్నా 19వ శతాబ్దపు ఇంగ్లండే. విలాసాలకు మరిగిన ఊరికి శిక్ష పడిందన్న ఆలోచన పుస్తకం పొడుగునా ఉంటుంది. అందులోని నిడియా మాత్రం మర్చిపోలేని పాత్ర. చూపు లేని ఈ పూలమ్మే అమ్మాయికి చీకట్లో నడవడం అలవాటే. పట్టపగలు ఊరంతా చీకటైపోతే చూపున్న వాళ్లకు దారి చూపేది ఆమే.

కాగితం మీద ఓ బొమ్మ గీయండి

పెద్ద పనేం కాదు, రెండు నిమిషాలు చాలు. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఒక వంపు గీయండి. పై అంచున, పడమటి కొసన మిసేనమ్. రోమన్ నౌకాదళం ఉండేది అక్కడే. ఒడ్డు వెంట తూర్పుకు వస్తే నేపుల్స్. ఇంకా ముందుకొస్తే కొండకు పడమటి పాదం దగ్గర హెర్క్యులేనియమ్. కొండ చుట్టి ఆగ్నేయానికి వెళ్తే, శిఖరానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో పాంపే. దాని కింద, ఒడ్డున స్టేబియే. మిసేనమ్ నుంచి కొండ దాదాపు 30 కిలోమీటర్లు, అంటే చూడ్డానికి దగ్గరే, చావడానికి దూరం.

ఇప్పుడు కొండ మీద నుంచి ఆగ్నేయం వైపు ఒక బాణం గుర్తు వేయండి. ఆ రోజు గాలి అటే వీచింది. ఈ ఒక్క బాణం తెలిస్తే ఏ నవలైనా సగం అర్థమైనట్టే. కొండకు ఇంకా దగ్గరున్న హెర్క్యులేనియమ్ మీద మొదట్లో బూడిద పెద్దగా పడలేదు, పాంపే మీద మాత్రం రాళ్ల వాన కురిసింది. కాబట్టి ఒక పాత్ర హెర్క్యులేనియమ్‌లో నిలబడి ‘గాలి మనవైపు లేదు, గండం గడిచింది’ అనుకుంటే, ఆ మాట దగ్గర మీ గుండె ఆగాలి.

బుక్‌మార్క్ మీద గంటలు రాసుకోండి

ఒక చీటీ తీసుకుని ఇవి రాసి పుస్తకంలో పెట్టండి.

మధ్యాహ్నం 1 గంట ప్రాంతం: కొండ మీద మబ్బు లేచింది. అది 30 కిలోమీటర్లకు మించి ఎత్తుకు ఎగసింది.
మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా: పాంపే మీద ప్యూమిస్ వాన. నురగ గట్టిపడినట్టుండే తేలిక రాళ్లివి, నీళ్లలో వేస్తే తేలతాయి. రెండున్నర మీటర్లకు పైగా పేరుకుని కప్పులు కూలాయి.
అర్ధరాత్రి దాటాక: నిలబడిన మబ్బు కూలి, విపరీతమైన వేడి వాయువు, బూడిద కలిసి నేల బారున దూసుకొచ్చాయి. హెర్క్యులేనియమ్ పోయింది.
మర్నాడు పొద్దున్నే: అలాంటి వెల్లువే పాంపేను చేరింది.

దీంట్లో గమనించాల్సింది ఒకటుంది. పాంపే జనానికి చాలా గంటల టైమ్ దొరికింది. ఇళ్లలో తలదాచుకున్న వాళ్లు, నగలు మూటకట్టుకుంటూ ఆలస్యం చేసిన వాళ్లు, ‘రాళ్లే కదా, ఆగాక వెళ్దాం’ అనుకున్న వాళ్లు చిక్కుకుపోయారు. వెంటనే బయల్దేరిన వాళ్లలో చాలామంది బతికారనే చెప్పాలి. పదివేలకు పైగా జనం ఉన్న ఊళ్లో ఇప్పటిదాకా దొరికిన మృతదేహాలు వెయ్యికి కాస్త పైన, ఊరిలో మూడో వంతు ఇంకా తవ్వలేదు. అంటే నవలలో అసలు నాటకం కొండది కాదు, వెళ్లాలా ఉండాలా అన్న నిర్ణయానిది. మంచి రచయిత దీని మీద పేజీలు ఖర్చు పెడతాడు. బద్ధకస్తుడైన రచయిత తిన్నగా నిప్పుల దగ్గరికి పోతాడు.

రోమన్ గంటలు చూసి కంగారు పడకండి. పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకేదాకా ఉన్న పగటిని పన్నెండు భాగాలు చేసేవాళ్లు, అంతే. ‘ఏడో గంట’ అంటే మిట్టమధ్యాహ్నం దాటగానే. ఎండాకాలంలో గంట పెద్దది, చలికాలంలో చిన్నది.

పేర్లు

నుమెరియస్ పొపీడియస్ ఆంప్లియాటస్ లాంటి పేరు చూడగానే పుస్తకం మూసేయాలనిపిస్తుంది. మూడో పేరు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పని నడుస్తుంది. మధ్యలోది వంశం పేరు. యజమాని విడిచిపెట్టిన బానిసలు ఆ యజమాని వంశం పేరే పెట్టుకునేవాళ్లు. అందుకని ఒకే వంశం పేరున్న ఇద్దరు కనిపిస్తే వాళ్లు బంధువులే కానక్కర్లేదు, ఒకప్పుడు యజమానీ బానిసా అయ్యుండొచ్చు. లాటిన్ పదాలను మొదటి విడతలో వెతకొద్దు. సందర్భాన్ని బట్టి అర్థం కాకపోతే పెన్సిల్‌తో గీత పెట్టి ముందుకు పోండి.

కథ ఎవరి కళ్లతో?

పుస్తకం సగానికి వచ్చాక ఒక్కసారి ఆగి ఇది అడగండి. విల్లాలో విందు వర్ణన చాలా అందంగా ఉంటుంది. వడ్డిస్తున్న వాళ్లు బానిసలు. వాళ్లకు పేర్లున్నాయా? హారిస్ నవల మొదట్లోనే ఖరీదైన చేపలు చచ్చాయని ఒక బానిసను ఈల్ చేపల చెరువులో పడేస్తారు. చదివి ‘ఇది మరీ అతి’ అనుకోవద్దు. అగస్టస్ చక్రవర్తి కాలంలో వేడియస్ పొలియో అనే ధనవంతుడు అలా చేసేవాడని రోమన్ రచయితలే రాశారు. నవలాకారుడు ఆ క్రూరత్వాన్ని దాదాపు వందేళ్లు ముందుకు జరిపాడు. చారిత్రక నవలలో నిజం ఎక్కువగా ఇలాగే ఉంటుంది, ఉన్నదే కానీ చోటు మారి.

ఆంప్లియాటస్ పేరు కూడా అలాంటిదే. పాంపేలో ఈజిప్టు దేవత ఐసిస్ గుడి భూకంపంలో కూలితే, నుమెరియస్ పొపీడియస్ సెల్సినస్ సొంత ఖర్చుతో కట్టించాడని శాసనం ఉంది. ఆ దాత వయసు ఆరేళ్లు! తండ్రి ఆంప్లియాటస్ ఒకప్పటి బానిస కాబట్టి నగర సభలో కూర్చునే హక్కు అతనికి లేదు. అందుకే కొడుకు పేరున గుడి కట్టించి పిల్లాడికి ఆ పదవి ఇప్పించుకున్నాడు. ఈ ఒక్క శాసనంలోంచే నవలకు విలన్ పుట్టాడు. ఆ భూకంపం కూడా గుర్తుంచుకోండి. పేలుడుకు పదిహేడేళ్ల ముందు, 62లో వచ్చింది. నేల కదలడం అక్కడి వాళ్లకు అలవాటైపోయింది, అందుకే ఆ చివరి రోజుల్లో వచ్చిన ప్రకంపనలకు ఎవరూ పెద్దగా బెదరలేదు.

మబ్బు లేచాక పుస్తకం పక్కన పెట్టి రెండు ఉత్తరాలు చదవండి

ముందు కాదు, తర్వాతా కాదు, సరిగ్గా అప్పుడే. చిన్న ప్లినీ చరిత్రకారుడు టాసిటస్‌కు రాసిన ఉత్తరాలివి, ఇంగ్లిష్ అనువాదాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండూ కలిపి అరగంటలోపు అయిపోతాయి. పేలుడు నాటికి అతనికి పదిహేడేళ్లు. మిసేనమ్‌లో తల్లితో, మేనమామతో ఉన్నాడు. ఉత్తరాలు రాసింది సుమారు పాతికేళ్ల తర్వాత.

ఆ మేనమామే పెద్ద ప్లినీ, నౌకాదళాధిపతి, పెద్ద పండితుడు. మబ్బును దగ్గరగా చూడాలని బయల్దేరబోతూ, సాయం కోసం కబురు రావడంతో పెద్ద ఓడలే తీయించాడు. స్టేబియేలో దిగి స్నేహితుడి ఇంట్లో స్నానం చేశాడు, భోంచేశాడు, గురక పెట్టి నిద్రపోయాడు. తర్వాత అందరూ రాళ్ల దెబ్బలు తగలకుండా తలలకు దిండ్లు కట్టుకుని బయటికొచ్చారు. ఆయన ఒడ్డునే చనిపోయాడు. ఇక్కడ మిసేనమ్‌లో మేనల్లుడు నేల కంపిస్తుంటే లివీ చరిత్ర పుస్తకం చదువుకుంటూ నోట్స్ రాసుకుంటున్నాడు. ఇలాంటి వివరం ఏ నవలాకారుడు కల్పించినా మనం నమ్మం.

ఈ ఉత్తరాల్లో పాంపే పేరే లేదు. మనకు దక్కిన ప్రత్యక్ష సాక్షి కథనం ఇదొక్కటే, అదీ అఖాతానికి అవతలి గట్టు నుంచి. పాంపే వీధుల్లో ఎవరు ఏమన్నారో, ఎటు పరిగెత్తారో చెప్పిన మనిషి లేడు. ఆ ఖాళీలోనే నవలలన్నీ పుట్టాయి.

తప్పులు పట్టండి, కానీ చివర్లో

పుస్తకం పూర్తయ్యాక గీతలు పెట్టుకున్న చోట్లకు వెనక్కి రండి. మొదటి పరీక్ష లావా. పాంపే వీధుల్లో ఎర్రని లావా ప్రవహిస్తే రచయిత సినిమాలు చూసి రాశాడని అర్థం. ఊరిని కప్పింది రాళ్లు, బూడిద.

రెండోది శవాల కథలు. బూడిదలో దేహాలు మిగిల్చిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి అచ్చులు తీసే పద్ధతిని జుసెప్పె ఫియొరెల్లి 1863లో మొదలుపెట్టాడు. వాటిలో బంగారు కడియంతో, ఒళ్లో బిడ్డతో ఉన్న ఒకరిని అందరూ తల్లీబిడ్డలనే అనుకున్నారు. 2024లో వెలువడిన డీఎన్ఏ పరిశోధనలో అది మగమనిషి అనీ, బిడ్డతో రక్తసంబంధం లేదనీ తేలింది. అంటే కథ అల్లడంలో మ్యూజియం గైడు కూడా నవలాకారుడి కన్నా తక్కువ తినలేదు. నవలలో అలాంటి తల్లి కనిపిస్తే తప్పు అనకండి, ఏ అచ్చులోంచి వచ్చిందో గుర్తుపట్టండి చాలు.

మన వైపు నుంచి వెళ్లిన ఒక పాత్రను మాత్రం చాలామంది వదిలేస్తారు. 1938లో పాంపే ఇంట్లో దంతపు స్త్రీ బొమ్మ దొరికింది, చేసింది భారతదేశంలో. మొదట లక్ష్మి అన్నారు, ఇప్పుడు యక్షి అనేవాళ్లే ఎక్కువ. నేపుల్స్ మ్యూజియంలో ఉంది. దక్కన్‌లో అది శాతవాహనుల కాలం. నల్లగొండ ప్రాంతంలో రోమన్ నాణేలు కుప్పలుగా దొరికాయి. ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఇండియాకే పోతున్నాయని గొణిగినవాడు ఎవరో కాదు, దిండు కట్టుకుని ఒడ్డుకు వెళ్లిన ఆ పెద్ద ప్లినీయే. నవలలో మిరియాలు, ముత్యాలు, దంతం కనిపించిన ప్రతిచోటా చిన్న టిక్ పెట్టుకోండి.

చివరగా తారీఖు. పాత నవలలన్నీ ఆగస్టు 24నే నమ్ముకున్నాయి, హారిస్ కూడా. ప్లినీ ఉత్తరం ప్రతుల్లో అలా ఉంది మరి. 2018లో ఒక గోడ మీద బొగ్గుతో రాసిన రాత బయటపడింది. మన లెక్కలో అది అక్టోబర్ 17. ఏడాది వేయలేదు గానీ, బొగ్గు రాత ఏళ్ల తరబడి నిలవదని అప్పట్లో వాదించారు, అది అందరూ ఒప్పుకున్న మాట కాదు. దానిమ్మలు, వెచ్చదనానికి పెట్టుకున్న కుంపట్లు కూడా శరదృతువునే సూచిస్తున్నాయి. అందుకే కొత్త పాంపే నవల ఏది తీసుకున్నా మొదటి అధ్యాయంలో వాతావరణం చూడండి. పాత్రలు ఎండకు ఉడికిపోతున్నాయా, కుంపటి దగ్గర చేతులు కాచుకుంటున్నాయా? రచయిత ఎంత తాజాగా చదివి రాశాడో అక్కడే తెలుస్తుంది.