సరస్సు నీళ్లలో నానో టైటానియం కొలిచే ముందు జాగ్రత్తలు

నీళ్లు పట్టడానికి వెళ్లే రోజు ఒంటికి సన్‌స్క్రీన్ రాసుకోవద్దు. వేళాకోళం కాదు. మనం వెతికేవే అందులోని టైటానియం డయాక్సైడ్ నానో రేణువులు, అంటే కంటికి కనిపించనంత చిన్నవి. వేలికి కాస్త అంటుకున్నా శాంపిల్ పాడైనట్టే. ఎండకు టోపీ, పొడుగు చేతుల చొక్కా చాలు.

• ఒక సీసాలో శుద్ధ నీళ్లు పోసి ఒడ్డుదాకా తీసుకెళ్లి, అక్కడ మూత తీసి, పెట్టి, వెనక్కి తెండి. దారిలో, చేతుల నుంచి ఎంత టైటానియం కలిసిందో ఈ పోలిక సీసా (బ్లాంక్) చెబుతుంది. ఇది లేకుండా వచ్చిన అంకెను నేనైతే నమ్మను.

• శాంపిల్‌ను గడ్డ కట్టించొద్దు, రేణువులు ముద్దకడతాయి. చీకట్లో 4 డిగ్రీల దగ్గర ఉంచి త్వరగా కొలవండి. కొలిచేముందు సీసా బాగా కదపండి.

• వెండి రేణువులూ చూడాలా? ఆ సీసాలో నైట్రిక్ ఆమ్లం వేయొద్దు, కరిగిపోతాయి.

• సింగిల్ పార్టికల్ ఐసీపీ-ఎంఎస్‌లో (రేణువులను ఒక్కొక్కటిగా కొలిచే మెషీన్) పెట్టేముందు బాగా పలచన చేయండి. లేదంటే రెండు రేణువులు కలిసి ఒక పెద్ద రేణువులా కనిపిస్తాయి. ముందుగా 60 నానోమీటర్ల బంగారు రేణువులతో మెషీన్‌ను సరిచూడండి.

• మెషీన్ పరమాణువుల బరువు (మాస్) చూసి మూలకాన్ని గుర్తిస్తుంది. టైటానియంలో ఎక్కువ భాగం ఉండే 48 మాస్ దగ్గర కాల్షియం అడ్డొస్తుంది. 49 చూస్తే ఆ గొడవ ఉండదు కానీ సిగ్నల్ బాగా తగ్గి చిన్న రేణువులు తప్పిపోతాయి.

అసలు టెన్షన్ ఇది: మట్టిలోనే టైటానియం ఉంటుంది. మన భీమిలి ఇసుకలో ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం లేదూ, అలా. సహజ ఖనిజంలో టైటానియంతో పాటు నయోబియం, అల్యూమినియం లాంటివి కలిసి ఉంటాయి, ఫ్యాక్టరీ సరుకులో దాదాపు ఉండవు. టైటానియంతో పోలిస్తే అవి ఎంత ఉన్నాయో చూస్తే రెండూ వేరుచేయొచ్చు. వియన్నాలోని ఓల్డ్ డాన్యూబ్ సరస్సులోనూ ఇలాంటి నిష్పత్తులనే చూశారు. కాబట్టి ఈతగాళ్ల ఒంటి సన్‌స్క్రీన్ నీళ్లలో కలవకముందే, అంటే ఈతల సీజన్ మొదలవకముందే, సహజంగా ఎంత ఉందో పోల్చుకోవడానికి ఒక విడత నీళ్లు పట్టి కొలిచి ఉంచుకోండి.