అపార్ట్‌మెంట్ గ్రూపులో నడుస్తున్న చర్చలోకి మధ్యలో దిగడం ఎలా?

ఎండలు ముదిరాయంటే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో నీళ్ల చర్చ మొదలవుతుంది. బోరు తగ్గింది, ట్యాంకర్లు పెరిగాయి, మెయింటెనెన్స్ పెంచాలా వద్దా అని వందల మెసేజ్‌లు. ఊరెళ్లి వచ్చినవాళ్లో, కొత్తగా అద్దెకు దిగినవాళ్లో చివరి నాలుగూ చూసి "అసలు మంజీర నల్లా కనెక్షన్ ఎందుకు తీసుకోవట్లేదు?" అని అడుగుతారు. జవాబు సెక్రటరీ గారు మొన్ననే రాసి ఉంటారు. జీతం లేకుండా ఆ పని మోస్తున్న మనిషి చేత అదే మళ్లీ రాయించడం అన్యాయం.

ముందు పైకి వెళ్లి చదవండి

చర్చను మొదలుపెట్టిన మెసేజ్ దొరకాలి. ఏం తేల్చడానికి మొదలైందో అందులోనే ఉంటుంది. పైన పిన్ చేసిన మెసేజ్ ఉంటే అదీ చూడండి. అన్నీ చదివే తీరిక లేకపోతే గ్రూపులో "ట్యాంకర్" అని వెతకండి. సగం మంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు కాబట్టి అలా కూడా వెతకాలి. మీరు చేరకముందు మెసేజ్‌లు కనిపించకపోతే కమిటీలో ఒకరిని విడిగా అడగండి: "అన్నా, నిన్ననే గ్రూపులో చేరాను. ట్యాంకర్ల సంగతి ఎక్కడిదాకా వచ్చింది?" రెండు నిమిషాల్లో చెప్పేస్తారు.

చెప్పడానికి కొత్తది ఉందా?

కొత్త సమాచారం, ఎవరూ అడగని ప్రశ్న, "ఈ పని నేను చూస్తాను" అనే మాట. ఈ మూడింటిలో ఒకటుంటే రాయండి. ఒప్పుకోవడానికైతే ఆ మెసేజ్ మీదే బొటనవేలు గుర్తు పెడితే చాలు. "అవును సర్", "నేనూ అంతే" అని ఇరవై మంది రాస్తే అసలు లెక్కలున్న మెసేజ్ ఎక్కడికో పైకి పోతుంది.

అంకె రాసేముందు సరిచూసుకోండి. నగరానికి నల్లా నీళ్లిచ్చే సంస్థ జలమండలి గురించి ఏటా వచ్చే మాట ఒకటుంది: "జలమండలి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తోంది కదా, ట్యాంకర్ డబ్బులు దేనికి?" 2020 డిసెంబరు బిల్లు నుంచి మొదలైన ఆ పథకం ఇళ్ల నల్లా నీటి బిల్లులో ఇచ్చే మాఫీ. దానికి పనిచేసే మీటర్ ఉండాలి. ప్రైవేటు ట్యాంకర్ ఖర్చుకు అది వర్తించదు, పైపులో అన్ని నీళ్లు వస్తాయన్న హామీ కూడా కాదు. అనుమానముంటే అపార్ట్‌మెంట్ నీళ్ల బిల్లు ఫోటో అడిగి చూడండి. సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

రాసే తీరు

ఎవరి మాటకు జవాబిస్తున్నారో ఆ మెసేజ్‌ను కుడివైపు జరిపి దాని కిందే రాయండి. "ట్యాంకర్ వాడు మోసం చేస్తున్నాడు, ఎవరికీ పట్టదు" అంటే కమిటీకి కోపం వస్తుంది తప్ప నీళ్లు రావు. అదే సంగతిని ఇలా రాయొచ్చు:

"302 మేడమ్ నిన్న అడిగిన దానికి: ఈ పొద్దున 10 వేల లీటర్ల ట్యాంకర్ దింపేటప్పుడు సంప్ దగ్గరే ఉన్నాను. నీళ్లు ఎంత పైకి వచ్చాయో టేపుతో కొలిచాను, ఫోటో పెడుతున్నాను. నాకు తక్కువే అనిపించింది. రేపటి ట్యాంకర్‌కూ కొలుస్తాను, ఇంకొకరు తోడొస్తే బాగుంటుంది."

ఎవరికి జవాబో ఉంది, కళ్లతో చూసింది ఉంది, రుజువు కాకముందే ఎవరినీ దొంగ అనలేదు. ఇలాంటి మెసేజ్ ఒక్కటి వస్తే చర్చ దారిలో పడుతుంది.

నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టకండి. ఆఫీసులో ఉన్నవాళ్లు వినలేరు, రేపు వెతికినా దొరకదు. రెండు బాణాల గుర్తుతో వచ్చే ఫార్వర్డ్ చాలాసార్లు చేతులు మారిందని అర్థం, దాన్ని ఆధారంగా చూపకండి. రాత్రి పది దాటాక పైపు పగిలితే తప్ప మెసేజ్ వద్దు.

మాట తేడా వస్తే

ప్రతిపాదన మీద మాట్లాడండి. "మీకేం, మీది కింది ఫ్లోరు", "అద్దెకున్నవాళ్లకెందుకు" అనే మాటలు చేసిన గాయం ఏళ్లు గడిచినా మానదు. అద్దెకున్నవాళ్లూ ఆ సంప్ నీళ్లే వాడుతున్నారు, మెయింటెనెన్స్ కూడా చాలాచోట్ల వాళ్లే కడుతున్నారు. ఇద్దరి మధ్యే మాట సాగుతుంటే "సర్, సాయంత్రం సెల్లార్‌లో కలుద్దామా" అని విడిగా అడగండి. ఎదురుపడితే గొంతు తగ్గుతుంది.

తప్పు రాస్తే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేసుకోవచ్చు. ఆ గడువు దాటితే పాతది చెరపకుండా కిందే సవరణ రాయండి. చెరిపేస్తే దానికి జవాబిచ్చినవాళ్ల మాటలకు అర్థం పోతుంది.

చివరికి పోల్ పెడితే ఓటు వేయండి, కింద మళ్లీ వాదన మొదలుపెట్టకండి. ఫలితం మీకు నచ్చకపోయినా ఆ నెల మెయింటెనెన్స్ కట్టేయండి. తర్వాత తక్కువ రేటు కోటేషన్ దొరికితే సర్వసభ్య సమావేశానికి ముందే కమిటీకి పంపి, ఎజెండాలో పెట్టమని అడగండి.