బ్యాంక్రప్సీ డిశ్చార్జ్ అయ్యాక కూడా ఆంక్షలు ఎందుకుంటాయి? ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ల కోసం

నాకు తెలిసిన ఒకాయన ఇక్కడ రెస్టారెంట్ పెట్టి, అప్పులు తీర్చలేక బ్యాంక్రప్ట్ అయ్యాడు. ఏడాది గడిచింది, డిశ్చార్జ్ అయ్యాడు (అంటే బ్యాంక్రప్సీ నుంచి బయటపడ్డాడు), ఇక పీడ వదిలిందనుకుని భార్యాభర్తలిద్దరూ ఇంట్లోనే వండి ఫంక్షన్లకు సప్లై చేయడం మొదలుపెట్టారు. ఒక బారసాల ఆర్డర్‌కి 600 పౌండ్లు అడ్వాన్స్ కూడా తీసుకున్నారు. ఒకరోజు వాళ్ల వంటింట్లో కూర్చుని పాత కవర్లు ఒక్కొక్కటీ విప్పి సర్దుతుంటే ఒక కాగితం బయటపడింది, ఆరేళ్ల పాటు ఆంక్షలకు ఒప్పుకుంటున్నానని, కింద ఆయన సంతకంతోనే. సంతకం పెట్టిన సంగతి ఆయనకు గుర్తుంది, కానీ డిశ్చార్జ్‌తో పాటు అదీ పోతుందనుకున్నాడు. పోదు. ఆ 600 పౌండ్ల అడ్వాన్స్ వల్ల ఆయన మీద క్రిమినల్ కేసు కూడా పెట్టొచ్చు, అదెలాగో కిందకి వెళ్లాక చెప్తాను.

ఈ పొరపాటు పడటానికి మనవాళ్లకు ఒక కారణం ఉంది. మన ఊళ్లలో ‘ఐపీ పెట్టాడు’ అంటాం కదా, ఆ ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కోర్టులో వేసేది. అక్కడ డిశ్చార్జ్ దానంతట అది రాదు. కోర్టు ఇచ్చిన గడువులోపల మనమే మళ్లీ అర్జీ పెట్టుకోవాలి, డిశ్చార్జ్ వచ్చేదాకా ఇన్‌సాల్వెంట్‌గానే ఉండిపోతాం. కాబట్టి మన బుర్రలో డిశ్చార్జ్ అంటే అన్నీ ఒకేసారి తెగిపోవడం. ఇంగ్లండ్, వేల్స్‌లో అలా కాదు, ఇక్కడ రెండు వేర్వేరు గడియారాలు నడుస్తాయి. (స్కాట్లాండ్ చట్టం వేరు, అక్కడున్నవాళ్లు దీన్ని చూసి నిర్ణయాలు తీసుకోకండి.)

మొదటిది డిశ్చార్జ్ గడియారం. 2004 ఏప్రిల్ 1 నుంచి మామూలు కేసుల్లో బ్యాంక్రప్సీ ఆర్డర్ వచ్చిన ఏడాదికి డిశ్చార్జ్ ఆటోమేటిక్‌గా వస్తుంది. అంతకుముందు మామూలుగా మూడేళ్లు పట్టేది. గడువు తగ్గించినప్పుడు ప్రభుత్వం పక్కనే ఇంకో పని చేసింది. వ్యాపారం దెబ్బతిని నిజంగా చితికిపోయినవాళ్లను ఏడాదికి వదిలేద్దాం, అప్పులవాళ్లను మోసం చేసినవాళ్లనూ, నిర్లక్ష్యంగా ఖర్చు పెట్టినవాళ్లనూ మాత్రం ఇంకొంతకాలం కట్టడిలో పెడదాం అని. ఆ కట్టడే బ్యాంక్రప్సీ రిస్ట్రిక్షన్స్, అదే రెండో గడియారం. తక్కువలో తక్కువ 2 ఏళ్లు, ఎక్కువలో ఎక్కువ 15 ఏళ్లు. కోర్టు వేస్తే ఆర్డర్ అంటారు, కోర్టుకు వెళ్లకుండా మీరే ఒప్పుకుని సంతకం పెడితే అండర్‌టేకింగ్ అంటారు, రెండింటి ప్రభావం ఒక్కటే.

లెక్క వేసి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2023 మార్చిలో బ్యాంక్రప్ట్ అయ్యారు, 2024 జనవరిలో మీ ఆరేళ్ల అండర్‌టేకింగ్‌ని అధికారులు అంగీకరించారు అనుకుందాం. 2024 మార్చిలో డిశ్చార్జ్ వస్తుంది, పాత అప్పులు పోతాయి. ఆంక్షలు మాత్రం 2030 జనవరి దాకా ఉంటాయి. అవి డిశ్చార్జ్ తర్వాత మొదలవ్వవు, అంగీకరించిన రోజు నుంచే లెక్క.

డిశ్చార్జ్ దేన్ని తీసేస్తుందో కూడా సరిగ్గా తెలుసుకోండి. క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్లు, సప్లయర్ల బాకీలు, ఇలాంటివి పోతాయి. కోర్టు ఫైన్లు, పిల్లల మెయింటెనెన్స్, స్టూడెంట్ లోన్, మోసం చేసి తెచ్చిన అప్పు పోవు. జీతంలోంచి నెలనెలా కట్టే ఇన్‌కమ్ పేమెంట్స్ అగ్రిమెంట్ ఉంటే అది మూడేళ్ల దాకా సాగొచ్చు, డిశ్చార్జ్ వచ్చినంత మాత్రాన ఆగదు. ఇంకొకటి, అఫీషియల్ రిసీవర్‌కి (మీ బ్యాంక్రప్సీ కేసు చూసే ప్రభుత్వ అధికారికి) సహకరించకపోతే కోర్టు డిశ్చార్జ్‌నే నిలిపేయగలదు. చాలామంది దీన్నీ ఆంక్షలనూ కలిపేసుకుంటారు. డిశ్చార్జ్ నిలిపేయడం అంటే మొదటి గడియారం ఆగిపోవడం, ఆంక్షలంటే రెండోది మొదలవ్వడం. ఒకే మనిషికి రెండూ జరగొచ్చు.

మరి ఆంక్షలు ఎవరికి పడతాయి? అందరికీ కాదు, బ్యాంక్రప్ట్ అయినంత మాత్రాన భయపడక్కర్లేదు. తీర్చే దారి లేదని తెలిసీ అప్పు చేయడం, జూదం, హద్దు లేని ఖర్చు, లెక్కల పుస్తకాలు లేకపోవడం, రిసీవర్ అడిగినవి ఇవ్వకపోవడం, ఇలాంటివి చూస్తారు. మనవాళ్లు తెలియక ఇరుక్కునేవి ముఖ్యంగా రెండున్నాయి. మొదటిది చేబదులు. బ్యాంక్రప్సీకి అప్లై చేయడానికి నెల ముందు బ్యాంకులకు ఒక్క పౌండ్ కట్టకుండా, బావమరిది దగ్గర తీసుకున్న 4,000 పౌండ్లు మాత్రం మొత్తం ఇచ్చేస్తారు. మన లెక్కలో అది మాట నిలబెట్టుకోవడం, ఇక్కడి చట్టం దృష్టిలో అది అప్పులవాళ్లలో ఒకరిని ఎక్కువ చేసి చూడటం. ఆ డబ్బు బావమరిది దగ్గర్నుంచి వెనక్కి రాబట్టడానికి కూడా వస్తారు. రెండోది ఊళ్లో ఆస్తి. గుంటూరులో ప్లాట్ ఉంది కానీ అది ఇండియాలో కదా, వీళ్లకెందుకు చెప్పాలి అనుకుంటారు. ఆస్తి ఏ దేశంలో ఉన్నా లెక్కలోకే వస్తుంది, దాచడం నేరం. గత ఐదేళ్లలో ఆ ప్లాట్ తమ్ముడి పేర ఊరికే రాసిచ్చినా, బంగారం ఎవరికైనా ఇచ్చేసినా అదీ చెప్పాలి. దయచేసి మొదటి ఇంటర్వ్యూలోనే చెప్పేయండి. ముందే చెప్పినవాళ్ల పరిస్థితికీ, తర్వాత బయటపడ్డవాళ్ల పరిస్థితికీ చాలా తేడా ఉంటుంది.

ఇక ఆంక్షలు పెడతామంటూ అధికారుల నుంచి ఉత్తరం వచ్చినప్పుడు ఏం చేయాలి. అందులో మీరు చేసిన తప్పేమిటి, ఎన్నేళ్ల ఆంక్షలు అడుగుతున్నారు అని రాసి ఉంటుంది. కోర్టుకు వెళ్లాలంటే వాళ్లు మామూలుగా బ్యాంక్రప్సీ ఆర్డర్ వచ్చిన ఏడాదిలోపలే వెళ్లాలి, ఆ గడువు దాటితే కోర్టు అనుమతి కావాలి, అందుకే ఇలాంటి ఉత్తరాలు డిశ్చార్జ్ దగ్గరపడే టైములో వస్తుంటాయి. టెన్షన్‌తో డ్రాయర్లో పడేయకండి, అదే రోజు సంతకం కూడా పెట్టకండి. ముందు అందులోని తేదీలు, మొత్తాలు మీ బ్యాంక్ స్టేట్‌మెంట్లతో పోల్చి చూడండి. తప్పుంటే, లేదా మీరు చూపించగలిగిన కారణం ఉంటే (ఆరోగ్యం, ఉద్యోగం పోవడం, వ్యాపారంలో భాగస్వామి చేసిన పని), కాగితాలతో సహా రాతపూర్వకంగా చెప్పండి. ఏళ్ల సంఖ్య మీదా మాట్లాడొచ్చు. తప్పు నిజమే అయితే అండర్‌టేకింగ్ ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే కోర్టులో ఓడిపోతే వాళ్ల ఖర్చులు కూడా మీ నెత్తిన పడొచ్చు. సంతకానికి ముందు స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్, సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థల్లో ఏదో ఒకచోట అడగండి, వీళ్లు డబ్బులు తీసుకోరు.

ఆంక్షలున్నప్పుడు బతుకు ఎలా ఉంటుందంటే, డిశ్చార్జ్ కాకముందు ఏడాది పాటు ఏ నియమాలున్నాయో దాదాపు అవే కొనసాగుతాయి. 500 పౌండ్లు, ఆపైన అప్పు తీసుకోవాలంటే మీ పరిస్థితి అవతలివాళ్లకు చెప్పి తీరాలి. ఒక్కరే తీసుకున్నా, భార్యతోనో భర్తతోనో కలిసి తీసుకున్నా అంతే. ఇప్పుడు ఆ బారసాల అడ్వాన్స్ దగ్గరికి వద్దాం. ఈ చట్టంలో అప్పు అంటే లోన్ ఒక్కటే కాదు, వాయిదాల మీద కారు తీసుకోవడం అప్పే, సరుకో సేవో ఇస్తానని ముందుగా డబ్బు పుచ్చుకోవడమూ అప్పే. కాబట్టి ఆంక్షల సంగతి చెప్పకుండా 600 పౌండ్లు అడ్వాన్స్ తీసుకోవడం నేరం కిందికి వస్తుంది. ఆయనకు నేను చెప్పింది ఇదే: ఆ కస్టమర్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు, డబ్బు వెనక్కి ఇస్తానను, ఇకమీదట ఫంక్షన్ రోజున వండి ఇచ్చాకే తీసుకో. కష్టమైన ఫోన్ కాల్ అది, మాట్లాడేటప్పుడు ఆయన గొంతు వణికింది. అవతలి ఆమె ఆర్డర్ మాత్రం వదులుకోలేదు.

కంపెనీ విషయం ఇంకా జాగ్రత్త. కోర్టు అనుమతి లేకుండా మీరు డైరెక్టర్‌గా ఉండకూడదు, కంపెనీ పెట్టకూడదు, నడపకూడదు. ఐటీ కాంట్రాక్టింగ్ చేసే మనవాళ్లలో సొంత లిమిటెడ్ కంపెనీ ఉన్నవాళ్లు చాలామంది కదా, వాళ్లకు వెంటనే తట్టే ఉపాయం డైరెక్టర్‌షిప్ భార్య పేరుకి మార్చేసి వెనక నుంచి నడపడం. పేరు ఎవరిదైనా నడిపేది మీరైతే అది మీరు చేసినట్టే, పైగా ఆ సమయంలో కంపెనీ చేసిన అప్పులకు మీరు సొంతంగా బాధ్యులవుతారు. ఉద్యోగిగా చేరడం, లేదా కంపెనీ లేకుండా మీ సొంత పేరు మీదే పని చేసుకోవడం, వీటికి అడ్డు లేదు. వ్యాపారానికి వేరే పేరు పెట్టుకుంటే, బ్యాంక్రప్ట్ అయినప్పటి పేరేమిటో లావాదేవీ చేసే ప్రతివాళ్లకూ చెప్పాలి.

ఒకవేళ ఊళ్లో పొలం అమ్మి అప్పులన్నీ పైసాతో సహా తీర్చి బ్యాంక్రప్సీనే రద్దు చేయించుకున్నా ఆంక్షలు మాత్రం నిలిచే ఉంటాయి, ఇది చాలామందికి మింగుడుపడదు. అసలు ఆ బ్యాంక్రప్సీ ఆర్డరే ఇవ్వకూడదని కోర్టు తేల్చి రద్దు చేస్తే మాత్రం అవీ పోతాయి. సంతకం పెట్టిన అండర్‌టేకింగ్‌ని రద్దు చేయమని గానీ, గడువుకు ముందే ముగించమని గానీ కోర్టుని అడిగే హక్కు మీకుంది.

మీ పేరు మీద ఇప్పుడు ఏముందో తెలుసుకోవాలంటే ఇండివిడ్యువల్ ఇన్‌సాల్వెన్సీ రిజిస్టర్‌లో ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకొచ్చు. డిశ్చార్జ్ అయిన మూడు నెలలకు బ్యాంక్రప్సీ వివరాలు అందులోంచి తీసేస్తారు, ఆంక్షల వివరాలు మాత్రం చివరి రోజు దాకా ఉంటాయి. ఇంటి ఓనర్లు, బ్యాంకులు, మీరు చేరబోయే కంపెనీ ఎవరైనా చూడొచ్చు. క్రెడిట్ రిపోర్ట్‌లో బ్యాంక్రప్సీ ఆరేళ్లు కనిపిస్తుంది, అది వేరే లెక్క. ఆంక్షలు ముగిసే తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి, ఆ అండర్‌టేకింగ్ కాపీనీ డిశ్చార్జ్ ఉత్తరాన్నీ ఒకే ఫైల్లో పెట్టి పాస్‌పోర్ట్‌ల పక్కన దాచండి.