కంటి బి-స్కాన్ నేర్చుకుందాం – 4: గడ్డ లోపల ఏముంది?

బి-స్కాన్ అంటే ధ్వని తరంగాలతో కంటి లోపలి బొమ్మ తీసే పరీక్ష. పోయిన అభ్యాసంలో ఒక గడ్డ ఎత్తు కొలవమన్నాం. ముందు దాని జవాబు: 2.4 మి.మీ. మీకు 2.9 వచ్చిందంటే ప్రోబ్ (కంటి మీద ఆనించే పరికరం) వాలింది, లేదంటే స్క్లీరా (కంటి తెల్లటి బయటి గోడ) మందం కూడా కలిసింది. గడ్డ కొన నుంచి స్క్లీరా లోపలి అంచు దాకానే కొలవాలి.

ఈసారి గడ్డ లోపలికి పోదాం. కోరాయిడ్ (చూపు పొర రెటీనాకూ స్క్లీరాకూ మధ్య ఉండే రక్తనాళాల పొర) గడ్డ గుమ్మటంలా కనపడగానే మెలనోమా (రంగు కణాల క్యాన్సర్) అని రాసేయకండి. క్యాన్సర్ కాని రక్తనాళాల గడ్డ హిమాంజియోమా కూడా అట్లనే ఉబ్బుతుంది. రెటీనాకూ కోరాయిడ్‌కూ మధ్య ఉన్న బ్రూక్స్ పొరను చీల్చుకుని పుట్టగొడుగులా లేస్తే మాత్రం అది మెలనోమాకు గట్టి ఆనవాలు. కానీ అన్ని మెలనోమాలూ ఆ ఆకారానికి రావు.

బి-స్కాన్ గీత గడ్డ నడిమి నుంచి పోయేట్టు పెట్టి ఎ-స్కాన్ (ఆ గీత మీది ప్రతిధ్వనుల గ్రాఫ్) చూడండి. ముందు రెటీనా స్పైక్ (గ్రాఫ్‌లో పైకి లేచే గీత), చివర స్క్లీరా స్పైక్. మనకు కావాల్సినవి ఆ రెండింటి మధ్యవి. హిమాంజియోమా నిండా రక్తనాళాల గోడలే, ప్రతి గోడా ధ్వనిని తిప్పికొడుతుంది, అందుకే స్పైక్‌లు పొడుగ్గా నిలబడతాయి. మెలనోమాలో కణాలు ఒకే తీరుగా కిక్కిరిసి ఉంటాయి. ధ్వనికి తగిలే అడ్డు తక్కువ, స్పైక్‌లు పొట్టి. బి-స్కాన్‌లో అదే చోటు నల్లగా, బోలుగా కనిపిస్తుంది. రొమ్ము నుంచో ఊపిరితిత్తి నుంచో పాకి వచ్చిన క్యాన్సర్‌లో స్పైక్‌లు ఎగుడుదిగుడుగా ఉంటాయి.

ఇక పిల్లలు. ఫోన్ ఫొటోలో కనుపాప తెల్లగా మెరిసిందని ఏటూరునాగారం నుంచి వరంగల్ దాకా బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి ఎదురుగా కూర్చున్నప్పుడు చేతికి పనిచెప్పాల్సింది గెయిన్ (ప్రతిధ్వనుల బలం పెంచే, తగ్గించే) బటన్‌కే. 90 డెసిబెల్ దగ్గర మొదలుపెట్టి 60 దాకా దించండి (మిషన్‌ను బట్టి అంకె మారుతుంది). మిగతాదంతా మాయమైనా తెల్లటి ముక్కలు అట్లే మిగిలి, వాటి వెనక నీడ పడితే అది కాల్షియం. రెటినోబ్లాస్టోమా (చిన్నపిల్లల రెటీనా క్యాన్సర్) అనుమానం బలపడినట్టే. కాల్షియం లేదని మాత్రం కొట్టిపారేయొద్దు, పొరలా పరుచుకునే రకంలో అది కనపడకపోవచ్చు. వయసు కూడా చూడండి: పడుచు ఆడవాళ్ల కోరాయిడ్‌లో పలకలాంటి కాల్షియం ఉంటే ఆస్టియోమా (ఎముకలాంటి గడ్డ) కావచ్చు, అది క్యాన్సర్ కాదు. పిల్లలకు సీటీ రాయించకండి. ఆర్‌బీ1 జన్యువులో (దీని లోపం వల్లే రెటినోబ్లాస్టోమా వస్తుంది) లోపం పుట్టుకతో ఉన్నవాళ్లకు రేడియేషన్ వల్ల మరో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఎమ్మారై చాలు.

హైదరాబాద్‌కు పంపే రిపోర్టులో ఎత్తుతో పాటు గెయిన్ అంకె కూడా రాయండి. చాలామంది వదిలేసేది అదే.

అభ్యాసం: పరకాల పత్తి రైతు, 55 ఏళ్లు, చూపు మసక. గుమ్మటం గడ్డ, ఎత్తు 3.1 మి.మీ., రెటీనా కింద నీరు, మధ్య స్పైక్‌లు పొడుగ్గా ఉన్నాయి. ఏమంటారు? ఎందుకు?