4కె మానిటర్ కొనే ముందు చూసుకోవాల్సినవి

ముందు మీ ల్యాప్‌టాప్ పోర్టు చూడండి, మానిటర్ సంగతి తర్వాత. హెచ్‌డీఎంఐ 1.4 మాత్రమే ఉంటే 4కె బొమ్మ వస్తుంది గానీ సెకనుకు 30 ఫ్రేములే. మౌస్ కదిపితే బాణం గుర్తు ఈడ్చుకుంటూ వస్తున్నట్టుంటుంది. రోజంతా అలా పనిచేయడం నరకమే. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఫ్రేములు) రావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ కావాలి. కేబులూ, మధ్యలో పెట్టే అడాప్టరూ కూడా ఆ స్థాయివే అయి ఉండాలి.

టైప్-సి రంధ్రం కనబడగానే సంబరపడొద్దు. కొన్ని ఛార్జింగుకీ డేటాకే పనికొస్తాయి, వీడియో ఇవ్వవు. మీ మోడల్ స్పెసిఫికేషన్లలో ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ (టైప్-సి నుంచి వీడియో పంపే సదుపాయం) అని ఉందో లేదో చదవండి. మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1 అయితే నేరుగా ఒక్క మానిటర్‌కే కలుస్తుంది, రెండు కొనేయకండి.

సైజు: 27 అంగుళాలు నాకు సరైనదనిపిస్తుంది. 24లో 4కె పెడితే అక్షరాలు చీమల్లా ఉంటాయి.

స్కేలింగ్ (తెర మీద అక్షరాలు, బొమ్మల సైజు పెంచే సెట్టింగ్) తప్పనిసరిగా మార్చండి. విండోస్‌లో 100 శాతం దగ్గర వదిలేస్తే ‘క్ష్మ’ లాంటి చోట కింది ఒత్తు అలుక్కుపోతుంది. 150తో మొదలుపెట్టి, ఒక తెలుగు పేజీ తెరిచి, ఒత్తులు విడివిడిగా కనిపించేదాకా సర్దుకోండి.

గోడకు బిగించాలనుకుంటే వెనకాల వెసా (VESA) రంధ్రాలు, అంటే స్టాండు బిగించే ప్రామాణిక స్క్రూ రంధ్రాలు, ఉన్నాయా చూడాలి.

పెట్టె విప్పిన రోజే తెరంతా నల్లగా, తర్వాత తెల్లగా పెట్టి చచ్చిన పిక్సెళ్లు వెతకండి. రిటర్న్ గడువు దాటాక ఎవరూ పట్టించుకోరు.