రోడ్డు మీద పంచర్ – 3వ పాఠం: ట్యూబ్‌లెస్ టైరుకి స్ట్రిప్ వేయడం

కిందటి పాఠంలో బండిని కంగారు పడకుండా పక్కకి ఆపి, మేకు ఎక్కడ దిగిందో వెతికి పట్టుకునే దాకా వచ్చాం. ఈసారి ఆ మేకు పీకి, కన్నం పూడ్చి, గాలి నింపుకుని బయల్దేరడం నేర్చుకుందాం.

ముందు, కిందటిసారి ఇచ్చిన ఇంటిపని. టైరు పక్క గోడ మీద ఏం రాసి ఉందో చూడమన్నాను. ‘ట్యూబ్‌లెస్’ అని ఉంటే ఈ పాఠం మీకే. ‘ట్యూబ్ టైప్’ అని ఉంటే చదివి పక్కన పెట్టుకోండి, మీ వంతు వచ్చే పాఠంలో. ఇందులో ఒక తిరకాసు ఉంది. టైరు మీద ట్యూబ్‌లెస్ అనే ఉంటుంది, చక్రానికి మాత్రం పుల్లలుంటాయి. పుల్లల చక్రంలో ప్రతి పుల్ల కొస దగ్గరా రిమ్ముకి కన్నం ఉంటుంది కాబట్టి గాలి నిలవదు. అందుకని అలాంటి బండ్లలో ట్యూబ్‌లెస్ టైరు వేసినా లోపల ట్యూబు పెడతారు. కొన్ని ఖరీదైన బండ్లకి పుల్లలున్నా గాలి పోని రిమ్ములు వస్తున్నాయి గానీ, మన రోడ్ల మీద అవి తక్కువే. లోపల ట్యూబు ఉందంటే స్ట్రిప్, అంటే కన్నంలోకి దూర్చే జిగురు పూసిన రబ్బరు తాడు ముక్క, పనికిరాదు. అనుమానం తీరాలంటే గాలి కొట్టే మూతి దగ్గర చూడండి. రిమ్ములోంచి లావుపాటి రబ్బరు మొదలు పొడుచుకొచ్చి ఉంటే దాదాపుగా అది ట్యూబ్‌లెస్సే. సన్నటి ఇనప గొట్టం, దానికి రిమ్ము దగ్గర నట్టు ఉంటే లోపల ట్యూబు ఉందనుకోవచ్చు.

మేకు పీకాలా, వద్దా?

మేకు కనపడగానే చెయ్యి దానిమీదికే పోతుంది. ఆగండి. ట్యూబ్‌లెస్ టైరులో దిగిన మేకు తన కన్నాన్ని తనే చాలావరకు మూసి ఉంచుతుంది. గాలి పోయినా మెల్లగా పోతుంది. ఊళ్లో ఉన్నారు, ముందు రెండు కిలోమీటర్లలో పంచర్ షాపు ఉంది, టైరు ఇంకా గట్టిగానే ఉంది అంటే పీకకండి. నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లండి. చేతిలో పంపు ఉంటే గాలి నింపుకుని మరీ వెళ్లండి. వానలో రోడ్డు పక్క కూర్చుని చేసే పని కంటే షాపులో చేసే పని ఎప్పుడైనా మేలు.

పీకక తప్పని పరిస్థితి వేరు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తున్నారనుకోండి. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే దోమలపెంట వైపు అంతా నల్లమల అడవి. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు. సాయంత్రం ఆరింటికి ఆ అడవి మధ్యలో వెనక టైరు నేలకి అంటుకుపోతే పంచర్ షాపు మీద ఆశ పెట్టుకోలేం, ఫోన్ సిగ్నల్ మీద అంతకంటే పెట్టుకోలేం. గాలి నిలవనంత వేగంగా పోతున్నప్పుడు, దగ్గర్లో షాపు లేనప్పుడు మాత్రమే మేకు పీకాలి. అప్పుడు కూడా సామానంతా చేతికందేలా పరుచుకున్నాకే.

పీకకూడని చోటు ఒకటుంది. టైరు నేలకి ఆనే భాగంలో కాకుండా పక్క గోడకి దిగితే స్ట్రిప్ వేయకూడదు. నడుస్తుంటే ఆ గోడ ఆగకుండా ముడుచుకుంటూ సాగుతూ ఉంటుంది. అక్కడ పెట్టిన స్ట్రిప్ వేగంలో ఊడితే ఒక్కసారిగా గాలి పోతుంది. మేకు కాకుండా ఇనప రేకు కోసేసి కన్నం చీలికలా ఉన్నా అంతే. 6 మిల్లీమీటర్లు, అంటే రాసుకునే పెన్సిల్ లావు కంటే కాస్త తక్కువ, అదే స్ట్రిప్‌కి హద్దు. ఆ పైన అయితే బండిని ఆటో ట్రాలీ ఎక్కించడమే.

సామాను

పంచర్ కిట్ పెట్టెలో నాలుగు వస్తువులుంటాయి. చుట్టూ పళ్లున్న ఆకురాయి చువ్వ ఒకటి, కొసన చీలిక కన్నం ఉన్న దబ్బనంలాంటి సూది ఒకటి, జిగురు పూసిన స్ట్రిప్పులు కొన్ని, సొల్యూషన్, అంటే రబ్బరు జిగురు ఉన్న చిన్న ట్యూబు. దీనికి తోడు కటింగ్ ప్లయరు, బ్లేడు, గాలి పంపు మీరు తెచ్చుకోవాలి. పెట్టె కొనేటప్పుడు చువ్వకీ సూదికీ పిడులు చూడండి. ప్లాస్టిక్ పిడి అయితే టైరులోకి గట్టిగా తోసినప్పుడు విరిగి చేతిలోకి వస్తుంది. ఇనపది, అడ్డంగా టీ ఆకారంలో ఉన్నది తీసుకోండి. యాభై, వంద ఎక్కువైనా పర్లేదు.

స్ట్రిప్పులు సీటు కింద ఎండకి ఏళ్ల తరబడి పడి ఉంటే జిగురు ఎండిపోతుంది. వేళ్లతో నొక్కితే అంటుకోవాలి. అంటుకోకపోతే పారేసి కొత్తవి కొనుక్కోండి. సొల్యూషన్ కూడా ఒకసారి మూత తీస్తే కొన్నాళ్లకే గట్టిపడుతుంది. ఇంకో సంగతి, అది మంట అంటుకునే సరుకు. పక్కన నిలబడి సలహాలిచ్చే పెద్దమనిషి చేతిలో బీడీ ఉంటే దూరంగా వెళ్లమనండి.

చక్రం కదలకుండా

సెంటర్ స్టాండ్ ఉంటే వేసేయండి. కొత్త బండ్లలో చాలావాటికి సైడ్ స్టాండ్ ఒక్కటే ఉంటుంది. అలాంటప్పుడు బండిని ముందుకీ వెనక్కీ తోస్తూ మేకు వెనక వైపుకి, నడుం వంచితే ఛాతీ ఎత్తుకి అందేలా తెచ్చుకోండి. తర్వాత బండిని గేరులో ఉంచండి. లేకపోతే మీరు సూదిని తోసే బలానికి చక్రమే తిరిగిపోతుంది. ముందు టైరు అయితే గేరు ఆపదు కాబట్టి బ్రేక్ లీవర్‌ని నొక్కి చేతిరుమాలుతో హ్యాండిల్‌కి కట్టేయండి. కుడివైపు సైలెన్సరు అప్పటిదాకా నడిచి కాలుతూ ఉంటుంది. మోకాలు దాని వైపు పోనివ్వకండి.

మేకు చుట్టూ చాక్‌పీసుతోనో, దొరక్కపోతే తడి మట్టితోనో గుర్తు పెట్టండి. మేకు వచ్చేశాక నల్ల టైరులో ఆ చిన్న కన్నం మళ్లీ వెతుక్కోవడం చికాకు. ఇప్పుడు ప్లయరుతో మేకు తల పట్టుకుని మెల్లగా లాగండి. అది నిటారుగా వస్తోందా, ఏటవాలుగా వస్తోందా చూడండి. ఏటవాలుగా దిగి ఉంటే మనం తోసేదంతా ఆ వాలులోనే పోవాలి. నిటారుగా తోస్తే పక్కన ఇంకో కన్నం పడుతుంది.

ఆకురాయి దగ్గరే అసలు పని

కొత్తగా నేర్చుకునేవాళ్లు వేసిన స్ట్రిప్ ఎందుకు కారుతుందంటే, నూటికి తొంభై మంది ఇక్కడ భయపడతారు కాబట్టి. ఉన్న కన్నమే చాలదన్నట్టు దాన్ని ఇంకా పెద్దది చెయ్యమంటే చెయ్యి రాదు. రెండుసార్లు చువ్వ లోపలికి పెట్టి తీసి, చాల్లే అనుకుంటారు. తర్వాత స్ట్రిప్ లోపలికి దిగదు. బలంగా తోస్తే స్ట్రిప్ తెగుతుంది, లేదా సూది వంగుతుంది.

మేకు దిగినప్పుడు రబ్బరునీ లోపలి నైలాన్ దారాల పొరల్నీ చీల్చుకుంటూ పోతుంది. తీసేశాక ఆ రబ్బరు మళ్లీ దగ్గరికి వచ్చి మూసుకుపోతుంది. దారాల కొసలు లోపలికి వంకరగా నిలబడి ఉంటాయి. చువ్వతో చేసేది ఆ కొసల్ని సాపు చేసి, కన్నం గోడల్ని గరుకుగా, గుండ్రంగా చెయ్యడం. గరుకుదనం ఉంటేనే జిగురు పట్టేది. గోడ నున్నగా ఉంటే ఎంత సొల్యూషన్ పూసినా జారిపోతుంది.

చువ్వకి కాస్త సొల్యూషన్ రాసి, మేకు దిగిన వాలులోనే కన్నంలోకి పెట్టి, గుండ్రంగా తిప్పుతూ పూర్తిగా తోయండి. ఎప్పుడూ ఒకే వైపు, గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పుతూ ఉండండి. మళ్లీ తిప్పుతూనే బయటికి లాగండి. ఇలా ఎనిమిది, పది సార్లు. మొదటి రెండు మూడు సార్లు రెండు చేతులూ పట్టినా కదలదు. ఒంటి బరువంతా పిడి మీద వేయాల్సి వస్తుంది. తర్వాత తర్వాత వదులవుతుంది. చువ్వ పళ్ల మధ్య నల్లటి రబ్బరు పొడి ముద్దగా నిండి వస్తే దారి పడుతోందని అర్థం. చువ్వ పెద్దగా ఇబ్బంది పెట్టకుండా లోపలికీ బయటికీ ఆడేదాకా చెయ్యండి. అప్పటిదాకా స్ట్రిప్ పొట్లం విప్పకండి.

ఈలోపు గాలి ఎలాగూ మొత్తం పోయి ఉంటుంది. టైరు మరీ మెత్తబడితే సూదిని తోసినప్పుడు టైరే లోపలికి నొక్కుకుపోతుంది గానీ సూది దిగదు. చువ్వని కన్నంలోనే ఉంచేసి పంపుతో కాస్త గాలి కొట్టండి. చువ్వ అడ్డం ఉంటుంది కాబట్టి గాలి కొంచెంసేపు నిలుస్తుంది.

స్ట్రిప్ దించడం

స్ట్రిప్‌ని సూది కన్నంలోంచి లాగి, సగం ఇటు సగం అటు వచ్చేలా సరిచూసుకోండి. దానికి సొల్యూషన్ పూయండి. చువ్వ బయటికి లాగిన వెంటనే అదే దారిలో సూది పెట్టి తోయండి. తిప్పకుండా, నేరుగా, ఒక్క ఊపున. స్ట్రిప్ రెండు కొసలూ టైరు మీద ఒక సెంటీమీటరు మిగిలేదాకా పోవాలి. మొత్తం లోపలికి పోనిచ్చారా, స్ట్రిప్ టైరు పొట్టలో పడుతుంది. మళ్లీ మొదటికి.

ఇప్పుడు లాగడం. మెల్లగా లాగితే సూదితో పాటు స్ట్రిప్ కూడా వచ్చేస్తుంది. పిడి రెండు చేతులతో పట్టుకుని నిటారుగా, చటుక్కున ఒక్క గుంజు గుంజాలి. సూది కొసనున్న చీలికలోంచి స్ట్రిప్ జారి లోపలే మడతగా ఉండిపోతుంది. కొందరు మేస్త్రీలు ఒక చుట్టు తిప్పి లాగుతారు, అదీ పని చేస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకి మాత్రం నేరుగా లాగడమే తేలిక.

పైకి కనపడే తోకల్ని బ్లేడుతో కోయండి. టైరుకి సమానంగా గీసేయకండి, మూడు మిల్లీమీటర్లు వదలండి. సాగదీసి కోశారంటే మిగిలిన ముక్క లోపలికి ముడుచుకుపోతుంది. ఆ మిగిలిన తోక రోడ్డుకి అరిగి దానంతటదే సర్దుకుంటుంది.

గాలి, పరీక్ష

ఎంత గాలి కొట్టాలో మీ బండి మీదే ఉంటుంది. చెయిన్ కవరు మీదో వెనక చక్రం దగ్గరి కడ్డీ మీదో స్టిక్కరు చూడండి, లేదా బండితో ఇచ్చిన పుస్తకం చూడండి. ఉదాహరణకి యాక్టివా లాంటి స్కూటరుకి ముందు 22, వెనక ఒక్కరే అయితే 29, ఇద్దరయితే 36 పీఎస్‌ఐ. కొన్ని పంపుల ముల్లు కిలోల్లో చూపిస్తుంది. 2 కిలోలంటే ఇంచుమించు 28 పీఎస్‌ఐ. కాలితో తొక్కే పంపుకి ఓపిక కావాలి. బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసరు అయితే ఇంజను ఆన్‌లో ఉంచి వాడండి.

ఎంత కొట్టినా టైరు ఉబ్బక, రిమ్ము అంచు దగ్గర బుస్సుమంటోందంటే టైరు పెదవి రిమ్ము నుంచి విడిపోయిందన్నమాట. టైరు నడిమి గుండా చుట్టూ తాడో బెల్టో బిగించి కట్టి, అంచుకి సబ్బునీళ్లు రాసి కొడితే ఒక్కోసారి కూర్చుంటుంది. కూర్చోకపోతే కాలి పంపుకి సాధ్యం కాదు, షాపు కంప్రెసరే కావాలి.

స్ట్రిప్ మీద ఉమ్మి రాయండి, లేదా సీసాలో నీళ్లు పోయండి. బుడగ రాకపోతే సరే. సన్నగా బుడగలు వస్తుంటే మొదటి స్ట్రిప్ తీయకండి, దాని పక్కనే అదే కన్నంలో ఇంకోటి దించండి. షాపు దాకా వెళ్లడానికి అది చాలు. తర్వాత యాభై దాటకుండా నడపండి. ఐదారు కిలోమీటర్లకి ఒకసారి ఆపి టైరు నొక్కి చూడండి. మర్నాడు పొద్దున గేజీ పెట్టి చూడండి.

ఇదే శాశ్వతమా అని చాలామంది అడుగుతారు. టైరు కంపెనీల లెక్కలో కాదు. టైరు విప్పి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయడమే సరైన మరమ్మతు అంటాయి. మన దగ్గర స్ట్రిప్ వేసి టైరు అరిగేదాకా తిరిగేవాళ్లే ఎక్కువ. నా మాట ఇదీ: వెనక టైరు నడిమి భాగంలో చిన్న మేకు కన్నం, ఊళ్లో ఆఫీసుకి వెళ్లొచ్చే బండి అయితే స్ట్రిప్‌తో నడిపించుకోవచ్చు. ముందు టైరు అయినా, హైవే మీద దూరాలు వెళ్లే బండి అయినా తిరిగి రాగానే లోపలి నుంచి ప్యాచ్ వేయించండి. టైరులో ముందే పోయించుకునే జిగురు ద్రవం గురించి కూడా అడుగుతుంటారు. చిన్న ముళ్లకి పనికొస్తుంది గానీ, లోపల ఎన్ని దిగాయో మీకు తెలియనివ్వదు. తర్వాత ప్యాచ్ వేసే మేస్త్రీ ఆ జిగురంతా తుడుచుకుంటూ మిమ్మల్ని తిట్టుకుంటాడు.

ఈసారి ఇంటిపని

హైవే పక్కన కర్రకి పాత టైరు వేలాడదీసి ఉంటుంది చూడండి, అదే పంచర్ షాపు బోర్డు. అక్కడ అరిగిపోయిన ట్యూబ్‌లెస్ టైరు ఒకటి అడిగి తెచ్చుకోండి. మూడంగుళాల మేకు కొట్టి, పీకి, చువ్వతో కన్నం చేయడం ఒకటే సాధన చేయండి. స్ట్రిప్పులు అప్పుడే ఖర్చు పెట్టకండి. రిమ్ము లేని టైరు మెత్తగా వంగిపోతుంది కాబట్టి కింద చెక్క పెట్టి, ఒక కాలితో తొక్కి పట్టండి. చెయ్యి అలవాటు పడ్డాక చివర్లో ఒకే ఒక్క స్ట్రిప్ దించి, టైరు లోపలి వైపు తిప్పి చూడండి. మడత లోపలికి ఒక సెంటీమీటరైనా పొడుచుకొచ్చి ఉండాలి. రాకపోతే సూది పూర్తిగా దిగలేదు.

వచ్చే పాఠంలో ట్యూబ్ టైరు. సర్కారు తుమ్మ ముల్లు ఒకటి దిగితే ట్యూబులో రెండు కన్నాలు ఎందుకు కనపడతాయో, టైరు పట్టీలతో విప్పేటప్పుడు మూడోది మనమే ఎలా చేస్తామో చూద్దాం. పావుగజం సైకిలు ట్యూబు, గరుకు కాగితం దగ్గర పెట్టుకోండి.